విడుదల పద్యానికి టీకా తాత్పర్యం

ఆ. జారు నొకటి పంప జావ లేకుండిన
నడువ దద్ది దుబయి నగరమందు
తోడు జావ నిడుము, తూకంబు పెరుగనీ,
నొక్కగానె నడచు నుత్తమమ్ము.

అవతారిక: యూఏఈలో 2009 నుండి జీతాలకు డబ్ల్యూపీఎస్ అను వేతన రక్షణ పద్ధతి కలదు. కంపెనీవారు ఎస్ఐఎఫ్ అను ఫైలు కట్టి పంపవలె. అందు మనిషికొక ఈడీఆర్ వరుస, మొత్తాలకు ఒక ఎస్సీఆర్ వరుస. ఆ ఫైలును ముందుగా సరిచూచు జావా కమాండ్‌లైన్ టూల్ ఒకటి వ్రాసి, దానిని ఎట్లు పంపుదునని అడిగిన కుర్రవానికి కవి చెప్పినదీ పద్యము. నలుగురి జీతాలు ఊరివాని వెబ్‌సైటుకెక్కించుట తగదు గనుకనే కమాండ్‌లైన్ అని గ్రహించునది.

ప్రతిపదార్థం: జారున్ ఒకటి = లైబ్రరీలన్నిటిని లోన కుక్కిన ఫ్యాట్ జారు నొకదానిని; పంపన్ = మెయిలులో పంపగా; జావ = జావా రన్‌టైము (రాగిజావ కాదు); లేకుండిన = అకౌంటెంటు ల్యాప్‌టాపులో లేనిచో; అద్ది = ఆ జారు; దుబయి నగరమందు = బర్‌దుబాయి, దేరా మొదలగు చోట్ల ఆఫీసులందు; నడువదు = నడవదు; తోడు జావన్ ఇడుము = జావాను వెంట కట్టి ఇమ్ము; తూకంబు = మెగాబైట్లు; పెరుగనీ = పెరిగితే పెరగనీ; నొక్కగానె = ఎంటర్ నొక్కీ నొక్కగానే; నడచున్ = పనిచేయును; ఉత్తమమ్ము = అదియే మేలు.

తాత్పర్యం: టూల్‌ను వాడువాడు జావా ఎరుగడు, ఎరుగనక్కరలేదు కూడ.

విశేషాలు: "జావా వారే వేసుకొందురు" అని పూర్వపక్షము. ఆఫీసు ల్యాప్‌టాపులో అడ్మిన్ హక్కు అకౌంటెంటుకు ఎవరిచ్చిరి? ఒకవేళ పాత జావా 8 ఉన్నను, జావా 17తో కట్టిన టూల్‌ను చూచి "క్లాసు ఫైలు వెర్షను 61.0 నాకు తెలియదు, 52.0 వరకే తెలియును" అని అది మొరాయించును. జీతాల నాడు ఈ సంఖ్యాశాస్త్రము ఎవరికి కావలె? ఇక ఫ్యాట్ జారు కట్టుటలోనే తిప్పలు కలవు: సంతకము చేసిన లైబ్రరీని విప్పి కలిపి, దాని .ఎస్ఎఫ్ ఫైలు తీయుట మరచినచో సెక్యూరిటీ ఎక్సెప్షన్.

గ్రాల్ మతస్థులు నేటివ్ ఇమేజ్ అందురు. ఒక్కటే ఫైలు, రెప్పపాటులో లేచును, నిజమే. కాని రిఫ్లెక్షన్‌తో పిలుచు క్లాసులలో అది తానుగా కనిపెట్టలేనివానిని ముందుగా చెప్పుకోవలె. చెప్పనిది కట్టునప్పుడు ఊరకుండి, నడచునప్పుడు పడగొట్టును. చిన్న టూల్‌కు నాకిది ఇష్టమే, లైబ్రరీలు పెరిగినచో కాదు.

కవి హృదయము జావాతోనే వచ్చు జెలింక్, జెప్యాకేజ్ అను టూళ్లయందు కలదు. మొదటిది జావా 9తో 2017లో వచ్చెను, కావలసిన మాడ్యూళ్లనే ఏరి రన్‌టైము కట్టును. రెండవది జావా 16తో 2021లో స్థిరపడెను. దానితో యాప్-ఇమేజ్ రకముగా కట్టినచో ఇన్‌స్టాలర్ ఉండదు. ఫోల్డరు విప్పి నడుపుటయే. విండోస్‌కు కట్టునపుడు విన్-కన్సోల్ ఆప్షన్ మరువరాదు, మరచిన తెరపై అక్షరము కనబడదు. జెప్యాకేజ్ కట్టిన చోటికే పనికివచ్చును గనుక విండోస్ కట్ట విండోస్‌పైననే కట్టవలె.

"తూకంబు" అనుచోట కవి ఒకటి దాచెను. జావాను తోడిచ్చినవానికి దాని భద్రతా సవరణల పూచీయు వచ్చును. అవి ఏటా జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలలలో వెలువడును. ఆ నాలుగు మారులును టూల్‌లో అక్షరము మారకున్నను మరల కట్టి విడుదల చేయవలెను.