గాజుపలకపై కావలికణము

నేను మైక్రోగ్లియా కణమను. పిండము తల్లి గర్భమున రూపు దాల్చుచున్న తొలిదినములలోనే పచ్చసొన సంచియందు జనించి, అచటినుండి మెదడునకు వలసపోయి, అచ్చటనే కాపురముండిన వంశము మాది. మేము కాచిన మెదడు ఫ్రాంక్‌ఫర్టు నగరమందలి అగుస్టె డేటర్ అను ఇల్లాలిది. మా సన్నని కొమ్మలను క్షణమైనను విశ్రమింపనీయక నలుదెసల చాచి, ఏ నాడీకణమునకు ఏ కీడు మూడెనోయని తడవి చూచుటయే మాకు నిత్యకృత్యముగా నుండెను.

ఆమెకు మతిమరపు పొడసూపుటకు ఎన్నో యేండ్లు ముందే నాడీకణముల నడుమ అమిలాయిడ్ బీటా యను ప్రొటీను గడ్డకట్టసాగెను. మ్రింగి జీర్ణించుకొనుట మా ధర్మము గనుక మ్రింగితిమి. అది జీర్ణము కాలేదు. అప్పుడు నాలోపల ఎన్‌ఎల్‌ఆర్‌పి3 అను ప్రొటీను తన తోడివానితో కూడి, కాస్పేస్-1 అను కత్తెరను మేలుకొలుపగా, అది నిద్రాణమైయున్న ఇంటర్‌ల్యూకిన్-1బీటాను కోసి, పదునుపెట్టి, వెలికి పంపెను. గాయము మానగానే ఆగవలసిన గంట యది. గడ్డ కరగదు, గంట యాగదు. నా మ్రోత విని ఇరుగుపొరుగు కణములును మ్రోగించినవి. మేము వెలువరించిన ఇంటర్‌ల్యూకిన్-1ఆల్ఫా, టీఎన్‌ఎఫ్, సీ1క్యూ మూడును సోకి, నాడీకణములను పోషించు నక్షత్రకణములు పోషణము మాని విషము గ్రక్కినవి. అంతటితో నాగితినా? సీ1క్యూ గుర్తు పడిన నాడీసంధులను వ్యర్థములని భ్రమించి నేనే కొరికి తింటిని. ఆమె భర్త పేరు వానిలోనే యుండెనేమో! 1901 నవంబరులో చికిత్సాలయమున చేరిన యామెను, భర్త పేరేమని ఆల్జైమరు వైద్యుడు అడుగగా, తన పేరే చెప్పెను. తన పేరు వ్రాయుమనగా, మొదలిడి, నడుమనే మరచెను.

అట్లని మమ్ము బొత్తిగా ద్రోహులనరాదు. గడ్డలచుట్టు ప్రాకారమువలె నిలిచి, వాని వ్యాప్తిని అడ్డగించినదియు మేమే. అందులకు వలయు ట్రెమ్2 అను గ్రాహకపు జన్యువులో ఒకానొక మార్పు గలవారికి ఈ మతిమరపు వ్యాధిభయము పలురెట్లు హెచ్చని 2013లో ప్రకటితమైనది.

1906 ఏప్రిలులో ఆమె మరణింపగా మెదడును మ్యూనిక్కునకు పంపిరి. పలుచని పొరగా కోయబడి, రంగు వేయబడి, నేను గాజుపలకపైకెక్కితిని. చూచినవారి దృష్టి గడ్డలపైనను, నాడీకణములలోని చిక్కుముళ్లపైనను నిలిచెను. ఆల్జైమరు మాత్రము గ్లియా కణములలో కొవ్వుసంచులను గుర్తించి, 1907 నాటి తన వ్యాసమున ఒక్క వాక్యము వ్రాసెను. మైక్రోగ్లియా యని మాకు నామకరణము చేసినది స్పెయిను దేశీయుడగు రియో ఓర్టేగా, 1919లో. అనగా, ఆమె తన పేరు వ్రాయలేక ఆగిన పదునెనిమిదేండ్లకు నాకొక పేరు కలిగెను.