ఆకలి వాక్యానికి శాలిబండ టీక

మూలము: “ఆకలా? యావా? ఒక గ్లాసు నీళ్లు తాగండి. పదిహేను నిమిషాలు ఆగండి. ఆపిల్ ఇచ్చినా తింటాననిపిస్తే అది ఆకలి. హలీమే కావాలనిపిస్తే అది యావ.”

అవతారిక: శాలిబండ గడియారపు గోపురానికి కూతవేటు దూరముననున్న ఒకానొక ఆఫీసు భోజనాల గదియందు, చేతులు కడుగు చోటికి పైన, ఈ వాక్యము అంటింపబడియున్నది. కర్త ఆరోగ్య సలహాదారు. వారమునకొకపరి కారులో వేంచేసి, వేళగాని వేళ డబ్బా మూత తీసినవారిని “నిజంగా ఆకలేనా?” అని చిరునవ్వుతో ప్రశ్నించుట వీరి వ్రతము. ఆ చిరునవ్వే ఈ టీకకు హేతువు.

మెతుకుసీమలోని కొలిచాలవాడైన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని టీకలు రాశాడు. ఆయన మాకు పూజ్యుడు. ఒట్టు మాత్రం ఆయనదే.

ప్రతిపదార్థము: గ్లాసు, నీళ్లు, నిమిషము మొదలగునవి సులభములు. వదిలితిమి.

టీక: “ఆపిల్ ఇచ్చినా” అనునది లక్షణవాక్యము. లక్షణమన్నచో అన్నంభట్టును తలవక తప్పదు. పిల్లల కోసమని తర్కసంగ్రహం రాసి, దానికి దీపిక అనే టీక కూడా తానే రాసుకున్న తెలుగు పండితుడు. పేరులోనే అన్నం పెట్టుకున్నవాణ్ని కాదని ఆకలి సంగతి మరెవరిని అడుగుతాం? లక్షణానికి మూడు దోషాలున్నాయని దీపికలో ఆవును నిలబెట్టి చూపించాడు. కపిలవర్ణంలో ఉండేది ఆవు అంటే తెల్లావు జారిపోతుంది, అది అవ్యాప్తి. కొమ్ములున్నది ఆవు అంటే గేదె దూరిపోతుంది, అది అతివ్యాప్తి. ఒంటి గిట్టది అంటే ఏ ఆవుకూ పట్టదు, అది అసంభవం. గంగడోలున్నది అంటేనే నిలుస్తుంది.

ఆవు తరవాత తార్కికులకు ప్రీతిపాత్రమైనది కుండ. కుండ ఉండటం మీద కన్నా లేకపోవడం మీద వాళ్లకు మక్కువెక్కువ. లేకపోవడాలు నాలుగని తేల్చారు. ఆ నాలుగింటినీ అన్నానికి అన్వయించి చూడాలని మాకు చిరకాల వాంఛ. ఎసరు మరుగుతుండగా అన్నం లేకపోవడం ప్రాగభావం. తినేశాక లేకపోవడం ప్రధ్వంసాభావం. ఆపిల్ అన్నం కాకపోవడం అన్యోన్యాభావం. ఈ ఒక్కటీ సలహాదారు గారు గ్రహించి ఉంటే కాగితం ఖర్చు తప్పేది. ఇక మిగిలింది అత్యంతాభావం, అంటే మూడు కాలాల్లోనూ లేకపోవడం. దీనికి ఉదాహరణలున్న సందుల్లోకి ఆయన కారు పట్టదు.

ప్రకృతమునకు వచ్చెదము. ఆపిల్ గిట్టనివాడికి కడుపు మాడినా ఆకలి లేనట్టే: అవ్యాప్తి. విందు భోజనం ముగించి పండు కోసం చెయ్యి చాచినవాడికి ఆకలి ఉన్నట్టే: అతివ్యాప్తి.

పాఠాంతరము: మా అటెండరు ఈ కాగితం చదివి “ఆపిల్ ఇస్తరా సార్?” అన్నాడు. పూర్వ వ్యాఖ్యాతలు ఈ పాఠమును గుర్తించలేదు.

ఆకలి, యావ ఒకటేనని మేము వాదించము. చరకుడు సూత్రస్థానం 7వ అధ్యాయంలో, బలవంతాన ఆపకూడని వేగాలు 13 లెక్కపెట్టి తుమ్ము, ఆవులింత, కన్నీరు, నిద్రల సరసన ఆకలిని చేర్చాడు. ఆపుకోవలసినవాటిలో లోభాన్ని పెట్టాడు. రెంటికీ ఒకే అధ్యాయంలో చోటిచ్చినవాడికి తేడా తెలియదా? అయినా తుమ్ము వచ్చినవాణ్ని పదిహేను నిమిషాలు ఆగి అది నిజం తుమ్మో కాదో చూసుకొమ్మని ఎవరూ అనరు. ఆ మర్యాద ఆకలికి ఎందుకు లేదు?

“పదిహేను నిమిషాలు ఆగండి”: ఆగితే పోయింది కనక అది ఆకలి కాదట. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్న గ్రెలిన్ అనే హార్మోను ప్రధానంగా జీర్ణాశయం నుంచి వస్తుంది. అలవాటైన భోజన వేళకు ముందు అది పెరుగుతుంది. ఆ వేళ దాటితే, ఏమీ తినకపోయినా, కొంత దిగుతుంది. తినడానికి లేనివాళ్ల ఆకలి కూడా అలాగే కాసేపు అణుగుతుంది. అణిగింది కాబట్టి అబద్ధమని తీర్పు చెప్పడం ఏ శాస్త్రం?

“హలీమే కావాలనిపిస్తే”: ఇచ్చట మూలకర్త 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన పదార్థమును నిందించుచున్నాడు. గోధుమలు, మాంసం, పప్పులు భట్టీ మీద గంటల తరబడి ఉడుకుతుంటే పెద్ద చెక్క రోకళ్లతో దంచి మెదుపుతారు. రంజాన్ మధ్యాహ్నాల్లో ఆ రోకలి పట్టినవాళ్లలో రోజా ఉన్నవాళ్లుంటారు. మొహానికి ఆవిరి, ముక్కుకు నేతి వాసన, తెల్లవారుజాము నుంచి గొంతులో చుక్క నీళ్లు లేవు. సైరన్ మోగేదాకా దంచుతూనే ఉంటారు. ఆకలికీ యావకూ భేదం చెప్పగల అధికారి ఎవడైనా ఉంటే అతనే. అతన్ని అందరూ అడిగేది ప్లేటు ధర.

సందర్భము: దీనిని చివరకుంచితిమి. ఈ కాగితం గోడెక్కిన వారంలోనే, సాయంత్రం నాలుగింటికి చాయ్‌తో పాటు వచ్చే ఉస్మానియా బిస్కెట్లు ఆగిపోయాయి. చాయ్ వస్తోంది. బిస్కెట్లది ప్రాగభావమా, ప్రధ్వంసాభావమా, అత్యంతాభావమా అని అకౌంట్స్ వారిని లిఖితపూర్వకముగా అడిగియున్నాము. నీళ్లు తాగి ఆగమన్నారు.