హ్యాకోపాలంభం – టీకా తాత్పర్యం

అవతారిక: మాదాపూర్‌లో ఒకానొక ఆఫీసు నాలుగో అంతస్తున, లంచ్ వేళ, పిల్లవాడికి జ్వరం చూసినట్టు ఫోనును చెంపకు ఆనించి చూసి కవి చెప్పిన ఆటవెలది.

ఫోను వేడి యెక్కె, పొద్దుటి ఛార్జేది?
పక్కసీటువాడు పకపక నగె;
విగ్గు వెదకినట్లు వీడికెట్లు దెలిసె?
హ్యాకు చేసినాడె యాఫిసందు!

టీక: వేడి యెక్కె = జ్వరపడెను; పొద్దుటి ఛార్జు = ఇంటి నుండి నూటికి నూరు పాళ్లు నింపి తెచ్చుకొన్నది; ఏది = ఎక్కడ (ప్రశ్న కాదు, శోకం); పక్కసీటువాడు = మూడేళ్లుగా కవి డబ్బాలో ఆవకాయ తిన్న మిత్రుడు, నేటి నుండి శత్రువు; పకపక = ధ్వన్యనుకరణం; విగ్గు = కేశాభావమును కప్పునది; వెదకినట్లు = అర్ధరాత్రి దుప్పటి కింద వెదకినట్లు (దుప్పటి మూలంలో లేదు, అధ్యాహార్యం); వీడికి = మర్యాద లోపించిన షష్ఠి; చేసినాడె = చేయనే చేసెను. చివరి ఎకారం నిశ్చయార్థకం. విచారణ లేదు, తీర్పు వచ్చేసింది.

తాత్పర్యం: ఫోను వేడెక్కింది, పక్కవాడు నవ్వాడు, కనుక వాడే దొంగ.

విశేషాలు: నాలుగో పాదంలో హ్యా–యా లకు యతిమైత్రి చక్కగా కుదిరింది. సీట్ల మధ్యే చెడింది.

అలంకారం ఉత్ప్రేక్ష అని కవి వాదన. నాకు మాత్రం అచ్చమైన భ్రాంతిమంతం కనిపిస్తోంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, దిగేదాకా రీల్స్ చూసిన ఫోను చల్లగా ఎలా ఉంటుంది? పైగా సిగ్నల్ అందనప్పుడు టవర్ కోసం అది పడే అవస్థకే సగం బ్యాటరీ ఖర్చు. బ్యాటరీ వయసు కూడా కవి చెప్పలేదు. జుట్టు సంగతి చెప్పనట్టే.

క్యాంటీన్ సంప్రదాయం వారు ఇక్కడ పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్‌ను ప్రతిపాదిస్తారు. 2021లో దేశమంతా మోగిన పేరే. అయితే దాన్ని ప్రభుత్వాలకే అమ్ముతామని తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ చెప్పుకుంటుంది. ఇరవయ్యో తేదీకల్లా టీ డబ్బులకు చేయిచాచే పక్కసీటువాడు ఏ ప్రభుత్వమో వారే సెలవివ్వాలి.

కవి ఊరుకోలేదు. వాట్సాప్‌లో లింక్‌డ్ డివైసెస్ తెరిచాడు. ఒక కంప్యూటర్ కనిపించింది. “దొరికాడు!” అని కేకేశాడు. అది కవి సొంత ఆఫీసు కంప్యూటరే. ఐటీ చట్టం, 2000లోని 66వ సెక్షన్ కూడా చదివాడు: మూడేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. చదివి, సాక్ష్యం కోసం పక్కవాడు టీకి వెళ్లినప్పుడు వాడి ఫోను మీద నాలుగు పిన్‌లు ప్రయత్నించాడు. తెరుచుకోలేదు గాని, తెరుచుకుని ఉంటే ఆ సెక్షన్ ముందు ఎవరికి వర్తించేదో వ్యాఖ్యాతకు స్పష్టమే.

ఇక మూడో పాదంలోని “ఎట్లు దెలిసె”. పద్యానికి ఆయువుపట్టు ఇదే, కవి అన్వేషించనిదీ ఇదే. ఆయన ఆఫీసు కంప్యూటర్‌లోని క్రోమ్‌లో సొంత గూగుల్ ఖాతాతో లాగిన్ అయి, సింక్ ఆన్ చేసి వదిలేశాడు. రాత్రి ఫోనులో వెదికింది పొద్దున ఆ డెస్క్ మీదికి నడిచొచ్చింది. సోమవారం మీటింగ్‌లో అదే కంప్యూటర్‌ను ప్రొజెక్టర్‌కు తగిలించి, విజయవాడ బ్రాంచి లెక్కలు చూపించబోయి పైన “వి” కొట్టాడు. విజయవాడ కంటే ముందు విగ్గు దిగింది, ధరలతో సహా. కవి అప్పుడు గోడ వైపు వీపు పెట్టి, అమ్మకాల గురించి మాట్లాడుతున్నాడు.

అందుకే రెండో పాదానికి ఆఫీసు ప్రతిలో ఒక పాఠాంతరం ఉంది. ఛందస్సుకు ఏ లోటూ లేదు, పైగా వాస్తవానికి దగ్గర:

పదునొకండ్రు జనులు పకపక నగ