షట్తంత్రీసూత్రమునకు టీకాతాత్పర్యము

మూలము: 12 – 16 – 20 – 34 – 46 – 60.

అవతారిక. తెలుఁగునాఁట బడికిఁ బోయిన ప్రతివాఁడును ఒకప్పుడు వావిళ్లవారి టీకాతాత్పర్యములను చంకఁబెట్టుకొని తిరిగినవాఁడే. శతకములకు టీక గలదు, ప్రబంధములకు టీక గలదు, ఆముక్తమాల్యదకు వేదము వేంకటరాయశాస్త్రులవారి వ్యాఖ్య గలదు. కాని తెనాలిలో రైలు దిగి, రేపల్లె బండి కదలులోపల బజారునకుఁ బరుగెత్తి ఎలక్ట్రిక్ గిటారు తీఁగలు కొనఁదలఁచిన కుఱ్ఱవానికి, ఆ పొట్లముమీఁది యాఱంకెల యర్థమును విప్పి చెప్పు టీక మాత్రము నాకెక్కడను గనఁబడలేదు. మూలములో లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియుఁ బ్రతిన పట్టిన కోలాచల మల్లినాథసూరి మన మెదకు సీమవాఁడే. ఆ ప్రతినలో మొదటి సగమును నేను పాటింపఁజూతును. రెండవ సగమునకు హామీ యియ్యఁజాలను.

ఈ సూత్రమును నేను వినినది తెనాలిలో నొక వాద్యముల దుకాణమునందు. బాపట్లలో ఇంజినీరింగు చదువు పిల్లవాఁడొకఁడు వీఁపున నల్లసంచిలో గిటారు మోసికొని వచ్చి, “అన్నా, పన్నెండు–అరవై సెట్టు ఉందా? డ్రాప్ సీ కి కావాలి” అని యడిగెను. దుకాణదారుఁడు కండ్లజోడు నుదుటిమీఁదికిఁ ద్రోసి, “అరవైయా? అది తీగ కాదు తమ్ముడూ, క్లచ్ వైరు. పక్క సందులో ఆటోమొబైల్ షాపుంది, అక్కడ అడుగు” అనెను. ఆయన తప్పేమియు లేదు. ఈ డెల్టాలో గిటారు ఎక్కువగా వినవచ్చునది చర్చిలలో, పెండ్లి ఆర్కెస్ట్రాలలో. అక్కడివారికి 10–46 సెట్టు, అనఁగా మొదటి తీఁగ 10, కడపటిది 46 గల పొట్లము, చాలును, కావున ఆయన దుకాణమునఁ దొరకునదియు నదియే. పిల్లవానిదియుఁ దప్పు లేదు. హైదరాబాదులో గాడ్‌లెస్ వంటి మెటల్ బృందములు ఆల్బములు వెలువరించుచుండఁగా బాపట్ల హాస్టలు గదులలో ఘోరనాదమునకు ఉపాసకులుండుట వింత గాదు.

ప్రతిపదార్థము. 12 = మొదటి తీఁగ యొక్క లావు; అంగుళమును వేయి పాళ్లు చేసినచో అందుఁ బండ్రెండు పాళ్లు. 16 = రెండవ తీఁగ. 20 = మూఁడవ తీఁగ. ఈ మూఁడును నున్నని యుక్కు తీఁగలు. 34, 46, 60 = క్రమముగా నాలుగవ, ఐదవ, ఆఱవ తీఁగలు; ఇవి చుట్టుడు తీఁగలు, అనఁగా లోపల నుక్కు నరము, దానిపై నికెలు పూసిన సన్నని తీఁగ యొత్తుగాఁ జుట్టఁబడినవి. కడపటిది మిల్లీమీటరున్నర లావు. చుట్టనేల, ఏకముగా లావుపాటి యుక్కుకమ్మియే వేయరాదా యనినచో, లావైన కమ్మి వంగదు. వంగనిదాని యుపస్వరములు తమ స్థానములు తప్పి పైకెగఁబ్రాకును. చుట్టుడు బరువును పెంచును, బిరుసును పెంచదు. వీణపై సారణికంటె అనుమంద్రము లావుగా నుండుట యెఱిఁగిన తెలుఁగువారికి ఈ విషయమున నింతకంటె బోధింప నక్కఱలేదు.

అలంకారము. ఉత్తరోత్తరోత్కర్షమును జెప్పుటచే సారాలంకారము. 20కిని 34కును నడుమ దాఁటు హఠాత్తుగా నున్నదని యాక్షేపింపరాదు. నున్నని తీఁగలు ముగిసి చుట్టుడు తీఁగలు మొదలగు చోటది, యతిస్థానమువంటిది. గుణము ఓజస్సు. రసము రౌద్రము, ప్రక్క యింటివారికి భయానకము.

తాత్పర్యము. గిటారు ఆఱవ తీఁగ సహజముగా మన లెక్కలో మూఁడవ శ్రుతిలోఁ బలుకును. డ్రాప్ సీ యనఁగా ఆ తీఁగను రెండు పూర్ణస్వరములు దించి ఒకటవ శ్రుతికిఁ దెచ్చుట. తక్కిన యైదింటిని ఒక్కొక్క స్వరము దించుట. ఇట్లు దింపఁగా అడుగు మూఁడు తీఁగలును స–ప–స అయి కూర్చుండును. తంబుర వినిన చెవి కిది పుట్టింటి మాట. ఆ మూఁడింటిని ఒక్క వ్రేలితో నదిమి ఏ మెట్టుమీఁదికి జరిపినను షడ్జపంచమములు చెదరక వెంట నడచును. మెటల్ వాయించు కుఱ్ఱవాండ్రు వ్రేలొకటి యదిమి చేతిని మెరుపువలె పైకిఁ గ్రిందికి లాగుచుండుట యందుకొఱకే. రిఫ్ అను, మరల మరల వాయించు స్వరగుచ్ఛములలో సగము ఈ సౌలభ్యమునఁ బుట్టినదే.

కాని శ్రుతి దిగినప్పుడు తీఁగ వదులగును. 1636లో ఫ్రాన్సు దేశపు సన్న్యాసి మెర్సెన్ ప్రకటించిన సూత్రముల ప్రకారము తీఁగ యొక్క కంపనసంఖ్య దాని పొడవును, బిగువును, బరువును బట్టి యుండును; పొడవును, బరువును మార్చక సంఖ్యను మాత్రము తగ్గించినచో బిగువు ఆ తగ్గిన నిష్పత్తి యొక్క వర్గమునఁ బడిపోవును. బాపట్లలో 1902లోఁ బుట్టి, తెనాలి శ్రీరామవిలాససభ రంగస్థలముమీఁద స్త్రీపాత్రలకుఁ బేరెత్తిన స్థానం నరసింహారావుగారి సత్యభామకుఁ గృష్ణుని దూఁచుటకు ఒంటిమీఁది సొమ్ములన్నియుఁ జాలకపోయెను గాని, మనకీ తీఁగలను దూఁచుటకుఁ గిలోగ్రాములు చాలును. ఇరువదియైదున్నర యంగుళముల పొడవుగల గిటారుపై 46 తీఁగ సహజశ్రుతిలో, అనఁగా సెకనుకు 82 కంపనములలో, సుమారు 8 కిలోల బిగువున నుండును. దానినే 65 కంపనములకు, డ్రాప్ సీ కి, దించినచో 5 కిలోలు మిగులును. వదులైన తీఁగ మెట్లకుఁ గొట్టుకొని బుజ్జుమని బుసకొట్టును. గట్టిగా మీటినచో ఆ కుదుపున బిగువు పెరిగి స్వరము క్షణకాలము పైకెగసి, పిమ్మట దిగివచ్చును. వ్రేలు కొంచెము బలముగా నదిమినను అపస్వరము. అదే స్థానమున 60 తీఁగ వేసినచో బిగువు మరల 8 కిలోలకుఁ గొంచెము పైగా వచ్చును. మూలకారుఁడు 60 అనుటలోని యభిప్రాయ మింతియే: చేతికి అలవడిన బిగువును, దింపిన శ్రుతిలోఁగూడఁ దిరిగి యప్పగించుట. “బరువు తీఁగ వేసినచో సంగీతము బరువెక్కును” అను నర్థము లోకమున రూఢిగా నున్నది గాని, అది మూలమున లేదు.

ఇచ్చట వ్యాఖ్యాత మూలకారునితో నొకచోఁ గలహింపవలసి యున్నది. ఐదవ తీఁగకు 46 ఏల? అది దిగినది ఒక్క స్వరమే. 10–46 సెట్టులో ఐదవ తీఁగ 36. సహజశ్రుతిలో దాని బిగువు సుమారు 9 కిలోలు. ఈ సూత్రములోని 46 ఒక స్వరము దిగినను 11 కిలోలు పలుకును. ప్రక్కనున్న ఆఱవ తీఁగ ఎనిమిది చిల్లరతో నుండఁగా ఐదవది పదునొకండు కిలోలు లాగుట ఒక యెత్తు, ఒక పల్లము. చేయి ఆఱవ తీఁగనుండి ఐదవదానికి దాఁటినప్పుడెల్ల గుంటలోఁ బడిన సైకిలు చక్రమువలె ఎగిరిపడును. అక్కడ 42 యుండినచో సరిపోయెడిది. పొట్లములు గట్టువారు అందఱ చేతులను ఊహించి గట్టుదురు గనుక దీనిని దోషమనక ‘ఆర్షప్రయోగ’మని సమర్థించువారును గలరు. నేను సమర్థింపను.

పూర్వపక్షము. “దిగువ శ్రుతికి లావు తీఁగ యావశ్యకమైనచో, ఆ సంప్రదాయమునకు మూలపురుషుఁడైన టోనీ అయోమీ సన్న తీఁగలతో నెట్లు వాయించెను?” అని కొందఱు. ప్రశ్న బలమైనదే. బర్మింగ్‌హాములో 1965లో రేకుల కర్మాగారమునఁ బనిచేయుచు ఆయన కుడిచేతి నడిమివ్రేలి కొనయు ఉంగరపు వ్రేలి కొనయుఁ బోఁగొట్టుకొనెను. ఆయన యెడమచేతివాటము వాఁడు. మెట్లపై నదుమవలసినది ఆ కుడిచేయియే. కరఁగించిన ప్లాస్టిక్కుతో వ్రేళ్లకుఁ దొడుగులు చేసికొని, బాంజో తీఁగలవంటి సన్ననివి తగిలించుకొని వాయించెను. 1971లో వెలువడిన మాస్టర్ ఆఫ్ రియాలిటీ అను బ్లాక్ సబ్బాత్ ఆల్బములోఁ బెక్కు పాటలకు గిటారును మూఁడు అర్ధస్వరములు దించెను.

సిద్ధాంతము. అయోమీ శ్రుతిని దించుటకు ముఖ్యకారణము బిగువు తగ్గి గాయపడిన వ్రేళ్లకు సుఖము గలుగుట. మనము లావు తీఁగ వేయునది తగ్గిన బిగువును మరల రప్పించుటకు. ఆయన కోరినది మనము వలదనుచున్నాము. ప్రయోజనములు వేఱైనచోట దృష్టాంతము చెల్లదు. పది వ్రేళ్లును కుదురుగా నుండి, మీటు చేయి మోటుగా నున్నవాఁడు అయోమీని ప్రమాణముగాఁ జూపి 10–46 మీఁద డ్రాప్ సీ వాయించినచో వినవచ్చునది బుజ్జుమను బుస మాత్రమే.

విశేషాంశములు. 60 తీఁగ కొన్నంతనే పని ముగియదు. నట్టు అని పిలువఁబడు మేరువుమీఁది గాడులు 46కై కోయఁబడినవి. అందు 60 తీఁగను ఇఱికించినచో అది పట్టుకొని, బిరడ త్రిప్పినప్పుడు కదలక కదలక ఒక్కసారిగా ‘టింగు’మని జాఱును, శ్రుతి నిలువదు. సన్నని యాకురాయితో గాడిని వెడల్పు చేయవలెనే గాని లోఁతు చేయరాదు. లోఁతైనచో ఆ మేరువు పనికిరాదు. పిమ్మట బ్రిడ్జిమీఁద ఆఱవ తీఁగ ఆనిక వెనుకకు జరుపవలెను. పండ్రెండవ మెట్టుమీఁది స్వరము ఖాళీ తీఁగకు సరిగా రెట్టింపగు దాఁక జరుపుచునే యుండవలెను. మెడలోని ఇనుపకడ్డీని అవసరమైనచో పావుచుట్టు త్రిప్పవలెను, అంతకు మించరాదు. బాపట్లవారికి వేఱొక బాధ. సూర్యలంకనుండి వీచు నుప్పుగాలికి నున్నని తీఁగలు మొదట త్రుప్పు పట్టును. వాయించినంతనే పొడిగుడ్డతోఁ దుడువవలెను, లేదా ఖరీదెక్కువైనను పూఁత వేసిన తీఁగలు కొనవలెను.

అధికారినిర్ణయము. ఈ సూత్రమున కధికారి డ్రాప్ సీ దాఁక నిజముగా దిగువాఁడు. ఆఱవ తీఁగను ఒక్క స్వరము మాత్రము దించి డ్రాప్ డీ లో వాయించువాఁడు 10–52 సెట్టు కొనుక్కొనవలెను. అక్కడ 52 తీఁగ సరిగా ఆ ఎనిమిది కిలోలే పలుకును. ఏ శ్రుతికిని దిగక, స్నేహితుల యెదుట పొట్లము చూపుటకై 12–60 కొనువానికి వ్రేళ్లు పగులును, గిటారు మెడ వంగును, వేఱు ఫలము లేదు.

తెనాలి, బాపట్ల, రేపల్లె వాద్యవిక్రేతలకు నా మనవి యొక్కటి. సెట్టులతోఁబాటు 42, 52, 60 తీఁగలను విడివిడిగాఁ దెప్పించి యమ్ముఁడు. ఒక్క లావు తీఁగకొఱకు ఆఱింటిని గొనలేక పిల్లవాండ్రు విజయవాడ దాఁకఁ బోవుచున్నారు.