బోర్డు మార్చడం రిపేరా?

"మదర్‌బోర్డు పోయింది సార్, మార్చాల్సిందే." ఏ షాపుకెళ్లినా ఇదే మాట. పోయింది సరే, బోర్డులో ఏం పోయింది నాయనా అని అడిగితే కుర్రాడు మన ముఖం వంక చూస్తాడు. మల్టీమీటరు బల్ల మీదే ఉంటుంది, దాని తీగలకు చుట్టిన రబ్బరు బ్యాండు కూడా తీసి ఉండదు. మా రోజుల్లో ఈ మాట అన్నవాణ్ణి బెంచి దగ్గర కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఏ భాగం పోయింది, ఎందుకు పోయింది, దాన్ని చంపిన కారణం ఇంకా బోర్డులోనే ఉందా? ఇవి తేల్చుకున్నాకే సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టాలి.

1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం పెట్టి మొదట 250 బడులకు కంప్యూటర్లు ఇచ్చింది. ఇంగ్లండులో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన బీబీసీ మైక్రోలు అవి. 6502 ప్రాసెసరు, వేగం 2 మెగాహెర్ట్జ్, మెమరీ 32 కిలోబైట్లు. ఇప్పటి ఫోనులో ఒక ఫొటోకి కూడా ఆ మెమరీ చాలదు. అయినా నేను చూసినవాటిలో రిపేరు చేసేవాడికి అంతగా సాయపడే యంత్రం ఇంకోటి లేదు.

స్విచ్ వేయగానే 'బూ' అని ఒక మోత, వెంటనే 'పీ' అని పొట్టి మోత. ఆ మొదటిది ఊరికే రాదు. కరెంటు తగలగానే సౌండు చిప్పు దానంతటదే మోగడం మొదలెడుతుంది. ప్రాసెసరు తన పని మొదలుపెట్టి దాన్ని ఆపాలి. మోత ఆగకుండా సాగుతోందంటే ప్రాసెసరు ప్రోగ్రాము నడపడం లేదన్నమాట. అసలు మోతే లేదంటే ముందు పవర్ సప్లై చూడాలి. రెండు మోతలూ సరిగ్గా వచ్చి, తెర మీద 'లాంగ్వేజ్?' అని పడి ఆగిపోయిందా, బేసిక్ భాష ఉన్న రోమ్ చిప్పు దానికి కనబడటం లేదు. చాలాసార్లు చిప్పు బాగానే ఉంటుంది, తేమకి దాని కాళ్లు నల్లబడి సాకెట్లో పట్టు ఉండదు. తీసి, కాళ్లు శుభ్రం చేసి, మళ్లీ నొక్కితే బేసిక్ వచ్చేసేది. మూత విప్పకముందే సగం రోగం చెవితో తెలిసేది. ఇప్పుడు చెవి పెట్టి వినే ఓపిక ఎవరికుంది?

సింక్లెయిర్ స్పెక్ట్రమ్ దగ్గర పని ఇంత సులువు కాదు. 1982లో వచ్చిన ఆ చిన్న నల్లపెట్టెలో కింది 16 కిలోబైట్ల మెమరీకి 4116 అనే చిప్పులు ఎనిమిది. వాటికి 5 ఓల్టులు చాలవు, 12 కావాలి, మైనస్ 5 కూడా కావాలి. ఈ రెంటినీ టీఆర్4 అనే ట్రాన్సిస్టరూ ఒక చిన్న కాయిలూ కలిసి పుట్టిస్తాయి. మైనస్ 5 రాక 12 మాత్రం వస్తుంటే మెమరీ చిప్పులు చచ్చిపోతాయి. ఒక మెమరీ చిప్పు లోపల షార్టయితే టీఆర్4 మాడుతుంది. అందుకే కాలిన ట్రాన్సిస్టరు మాత్రమే మార్చి స్విచ్ వేస్తే కొత్తదీ కాలిపోతుంది. మెమరీ చిప్పుల కాళ్ల దగ్గర ఒక్కొక్క ఓల్టేజీ కొలవాలి. ఏ చిప్పు మిగతావాటికన్నా వేడెక్కుతోందో వేలితో తాకి చూడాలి. అనుమానం ఉన్నదాని మీద మంచి చిప్పు ఒకటి ఎక్కించి, కాళ్లకు కాళ్లు తగిలేలా నొక్కి పట్టుకుని స్విచ్ వేయాలి. తెర మీది చారలు పోయి సింక్లెయిర్ పేరు పడితే దొంగ దొరికినట్టే.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక్క చిప్పు కొనుక్కొచ్చేవాళ్లం. ఒక్కటి.

ఈమధ్య పాత కంప్యూటర్ల మీద మోజు పెరిగింది, సంతోషం. పరికరాలూ మాకంటే మంచివి ఉన్నాయి. సిగ్నళ్లను తెర మీద చూపించే సీఆర్‌ఓ ఒక్కదాని కోసం మేం ఎదురుచూస్తూ నిలబడేవాళ్లం, ఇప్పుడు లాజిక్ ఎనలైజరు జేబులో పడుతుంది. కానీ పద్ధతి చూస్తే బాధేస్తుంది. యంత్రం పనిచేయలేదంటే కెపాసిటర్ల సంచి తెప్పించి అన్నీ మార్చేస్తారు. ఒక పెంకు పగిలిందని కప్పంతా విప్పినట్టు. టంకం పీకడంలో బోర్డు మీది రాగి గీతలు లేచిపోతాయి. ఉన్న జబ్బుకు తోడు లేని జబ్బు తగులుకుంటుంది. ముందు చిప్పు కాళ్ల దగ్గర 5 ఓల్టులు ఉన్నాయా చూడండి, సప్లై దగ్గర కాదు. తర్వాత క్లాకు, తర్వాత రీసెట్. ఈ మూడూ దాటకుండా ఏ భాగాన్నీ అనుమానించకూడదు.

తప్పంతా కుర్రాళ్లదే అనను. బీబీసీ మైక్రోకీ స్పెక్ట్రమ్‌కీ సర్వీసు మాన్యువల్ ఉండేది, పూర్తి సర్క్యూట్ డయాగ్రంతో. ఇప్పటి ల్యాప్‌టాప్‌కి డయాగ్రం ఇమ్మంటే రహస్యమంటారు. మెమరీని బోర్డుకే అతికిస్తారు, బ్యాటరీని జిగురుతో అంటిస్తారు. రిపేరు హక్కు కోసం 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కమిటీ వేసింది, మంచిదే. డయాగ్రం మెకానిక్ చేతికి రానంతకాలం ఆ హక్కు కాగితం మీదే ఉంటుంది.

మీ బడి స్టోర్‌రూములో బీబీసీ మైక్రో ఇంకా ఉంటే, దయచేసి ఆత్రంగా ప్లగ్గులో పెట్టకండి. దాని పవర్ సప్లైలో మెయిన్స్ దగ్గరుండే ఫిల్టర్ కెపాసిటర్ల పైపూత ఏళ్లు గడిచేకొద్దీ చిట్లి తేమ పీలుస్తుంది. కరెంటు తగిలిన కాసేపటికే పొగ వస్తుంది. ముందు వాటిని మార్పించండి. ఆ సప్లైలో ప్లగ్గు తీశాక కూడా 300 ఓల్టుల పైన నిలవ ఉండొచ్చు, అందుకే పని తెలిసినవాళ్ల చేతే విప్పించండి. పాత ఇనుము వాడికి మాత్రం వేయకండి.