టీనేజి కథకు ఆటవెలది: సటీకా తాత్పర్యము

పిల్లవాని నోట పెద్దమాటలు పెట్ట
ఫోను తీయు వాఁడు పుటను విడిచి
క్లాసుబుక్కు లోన కథ దాచి చదివిన
వాఁడె కథకుఁడయ్య వాస్తవముగ

టీక: పిల్లవాని = పదమూడు నిండి పంతొమ్మిది దాటనివాని (గడ్డము రాకమునుపే గీయించుకొనువాడని భావము); నోట = నోటియందు; పెద్దమాటలు = వయసు మీరిన వాక్యములను; పెట్ట = రచయిత పెట్టగా; ఫోను = స్పష్టము; క్లాసుబుక్కు లోన = ఫిజిక్సు పుస్తకమునందు. కెమిస్ట్రీ అని పాఠాంతరము. అది మరింత దళసరి కావున గ్రాహ్యము.

తాత్పర్యము: నీతి కనబడగానే కుర్రవాడు లేచిపోవును.

విశేషములు: 'పెద్దమాటలు' అనుచోట కొంత ఆగవలెను. ఇంటర్ హాస్టలు. వీక్లీ టెస్టులో మార్కులు పోయినవి. తండ్రి ఫోను చేసెను. కొత్త రచయిత వెంటనే, "నాన్నా, మీ త్యాగం విలువ నాకిప్పుడు తెలిసింది" అని పలికించును. ఇట్లు పలికిన కుర్రవాడు భూమండలమున లేడు. వాడనునది, "ఊఁ. తిన్నా. సరే నాన్నా, వార్డెన్ పిలుస్తున్నాడు." వార్డెన్ పిలువలేదు. ఆ అబద్ధము వద్దనే కథ మొదలగును. రచయితయో, అక్కడ దానిని ముగించి తండ్రికి కన్నీరు తెప్పించును.

వాక్యమునకొక 'బ్రో' చొప్పున చల్లినంత మాత్రమున దోషము తొలగదు. అదియు పెద్దమాటయే, జీన్సు తొడిగినది.

ఇక 'వాఁడె' ఎవడు? 'చదివిన' అనగా 'చదివినచో' అని ప్రాచీనులు. అట్లు దాచి చదివించగలిగినవాడే కథకుడట. నవ్యులు ఒప్పరు. 'చదివినవాఁడె' అని కలిపి చదువుదురు. దృష్టాంతము: అమెరికాలోని టల్సాలో ఎస్.ఇ. హింటన్ అను హైస్కూలు బాలిక, తన ఈడువారిని గూర్చి చదువదగినది దొరకక, 15వ ఏట తానే 'ది అవుట్‌సైడర్స్' మొదలుపెట్టినది. 1967లో అచ్చగునప్పటికి ఆమెకు 18. (ఆడపేరు చూచి విమర్శకులు పెదవి విరుతురని ప్రకాశకులు పొడి అక్షరములు పెట్టించిరి. అప్రస్తుతమే, ఊరకుండలేక చెప్పితిమి.) అందు కథ చెప్పు పోనీబాయికి 14 ఏండ్లు. తుదకు చూడగా నవలంతయు వాడు ఇంగ్లీషు మాష్టారికి వ్రాసిన కాంపోజిషనే!

కావున మూడవ పాదమున 'క్లాసుబుక్కు'ను 'నోటుబుక్కు'గా దిద్దవలెనని మా పక్షము. గణములు సరిపోవును. యతి చెడును, చెడనిండు.