చేపలకు అవగాహన సదస్సు

హైదరాబాద్ శివారు గండిమైసమ్మ చుట్టుపక్కల చెరువులకు లోటు లేదు, వాటిని ఉద్ధరిస్తామనే నిపుణులకు అసలే లోటు లేదు. పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెప్పింది కదా. ఆ సొమ్ము చెరువు దాకా రాకముందే సదస్సు అయిపోతుంది. పేరు "విలువల సమన్వయం". భోజనం ఉంటుంది.

తెర మీద చెరువు వెలుగుతుంది. చుట్టూ నడక దారి, బెంచీలు, సెల్ఫీ పాయింటు. మత్స్య సంఘం పెద్దమనిషి లేచి, "సారూ, తెప్ప ఏడికెల్లి దించాలె?" అంటాడు. బట్టలుతికే ఆమె "మా బండ ఏది?" అంటుంది. తరతరాలుగా యాటను కోసి కట్టను అప్పజెప్పిన మైసమ్మేమో మ్యాపులో బఫర్ జోన్ ఉల్లంఘనగా తేలుతుంది. నిపుణుడు "మంచి ప్రశ్న" అంటూ రాసుకుంటాడు. నివేదికలో ఇవన్నీ కలిసి ఒక్క వాక్యమవుతాయి: "స్థానికుల్లో అవగాహన కొరవడింది."

ఆహా! 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు చుట్టూ 30 మీటర్లు కట్టడాల్లేకుండా వదలాలని 2012 నాటి జీవో 168లో ఉంది. అది చదవగలిగినవాళ్లు ఎవరు? 2024 సెప్టెంబరులో మల్లంపేట కత్వ చెరువు దగ్గర, ఆక్రమణలు తొలగించే సర్కారీ సంస్థ హైడ్రా కూల్చిన విల్లాలు తెప్పలేసేవాళ్లు కట్టుకున్నవైతే కావు. అవగాహన సదస్సు మాత్రం తెప్పలవాళ్లకే.

2015లో చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ మొదలైనప్పుడు ఎవరి విలువలూ ఎవరూ కలపలేదు. ఇంజనీరుకు చెరువులో లోతు కావాలి, రైతుకు చేన్లో ఒండ్రు కావాలి. పూడిక తీయించింది సర్కారు, ట్రాక్టరు కిరాయి పెట్టుకుంది రైతు. ఎవరి లెక్క వాళ్లదే, మట్టి మాత్రం కదిలింది.

ఈ పద్ధతి సమన్వయకర్తలకు నచ్చదు. లెక్కలు బయటపడితే వాళ్ల పనేముంటుంది? అందుకే గండిమైసమ్మలో ఈసారి సదస్సు పెడితే ప్రొజెక్టరు కట్టేసి, బోర్డు మీద రెండే రాయండి: తెప్ప ఎక్కడ దించాలి, కన్సల్టెంటుకు ఎంత ముడుతోంది. రెండోదానికి జవాబొచ్చేదాకా భోజనాలు వడ్డించకండి.